తొమ్మిదేళ్ల విరామమట!

కచేరీ ఇంకో వారం ఉందనగా ఆర్కెస్ట్రా ఆఫీసు నుంచి ఒక పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, అట్టనిండా ఆమె ఫొటో. ఆమె వంటింటి బల్ల మీది ఉల్లిపాయ తొక్కలు పక్కకు తోసి, కళ్లజోడు తగిలించుకుని, తన జీవితం గురించి వాళ్లేం రాశారో చదవసాగింది. రెండో పేజీ సగంలో ఆగిపోయింది. ఆ వాక్యమే మళ్లీ చదివింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

“విరామమట!” అంది.

కిటికీ పక్కన కూర్చుని పాడైన ఇస్త్రీపెట్టె విప్పుతున్న భర్త తలెత్తలేదు. జీవితమంతా కరెంటు పని చేసినవాడాయన. షాకు కొట్టేదేదో కొట్టనిదేదో ముట్టుకోకుండానే పసిగట్టగలడు. “ఎవరికి?” అన్నాడు నెమ్మదిగా.

“నాకే. విను. ‘కుటుంబ బాధ్యతల దృష్ట్యా తొమ్మిదేళ్ల విరామం అనంతరం ఆమె తిరిగి సంగీత రంగంలో అడుగుపెట్టారు.’ ఎంత ముద్దుగా రాశారో చూశావా? ఆ తొమ్మిదేళ్లూ కాళ్లు బారజాపుకుని కూర్చున్నాను కాబోలు!”

“గౌరవంగా ఉంటుందనుకున్నారేమోలే, పాపం.”

“పాపమా? మెడపట్టి గెంటేసినవాళ్లు విరామం అంటే, నువ్వు పాపం అంటావా?”

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి, టీ కలపడానికి లేచాడు. ఇలాంటప్పుడు గదిలోంచి చల్లగా జారుకోవడం ఆయనకు బాగా అలవాటైన విద్య.

ఆమెను చిన్నప్పుడు వాళ్ల నాన్న ‘పిడుగు’ అని పిలిచేవాడు. ఆ పేరే ఇంట్లోనూ బయటా స్థిరపడిపోయింది. మనిషి పొట్టి, వాయిద్యం పొడుగు. బళ్లో సంగీతం నేర్పే మాస్టారు వయొలిన్లన్నీ పంచేశాక, వయొలిన్‌కు పెద్దన్నలా ఉండి కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే సెల్లో ఒక్కటి మిగిలింది. మిగిలిన పిల్ల కూడా ఆమె ఒక్కతే. దర్జీ పని చేసే నాన్న, కోట్లకు కుట్టగా మిగిలిన ముక్కలన్నీ కలిపి దానికో తొడుగు కుట్టాడు. ఆ తొడుగుకు ఒకవైపు నలుపు, ఇంకోవైపు గళ్లు. అమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి నవ్వాపుకోలేకపోయింది. “నువ్వు దాన్ని వాయిస్తావా, అది నిన్ను వాయిస్తుందా?” అంది.

వాయించింది ఆమే. పెళ్లి కాకముందే ఊళ్లోని పెద్ద ఆర్కెస్ట్రాలో చివరి వరసలో కుర్చీ సంపాదించింది. “కండక్టరు ఎదురుగా నిలబడి పుల్ల ఊపినప్పుడే వాయించాలమ్మా” అని ఇంట్లో చెబితే, “మరి టికెట్లెవరు కొడతారే?” అని అడిగింది అమ్మ. చివరి వరస నుంచి జరిగి జరిగి, పెళ్లినాటికి సెల్లోల ముందు వరసలో రెండో కుర్చీకి వచ్చింది. అది దయతో ఇచ్చిన కుర్చీ కాదు. రోజంతా వేళ్లు బొబ్బలెక్కేలా సాధన చేసి తెచ్చుకున్న కుర్చీ.

కడుపుతో ఉన్నప్పుడు, ఆరో నెల దాటాక, ఆనాటి మేనేజరు లోపలికి పిలిచాడు. వయసు మళ్లిన మనిషి, మాట మెత్తన.

“చూడమ్మా, పొట్ట అడ్డమొస్తోంది కదా. సెల్లో ఎక్కడ పెట్టుకుంటావు?”

“నా పొట్టా, నా సెల్లో, రెండూ ఒక ఒప్పందానికి వచ్చాయండి. కింది ఇనుప మొన కాస్త పొడుగు లాగి, వాయిద్యాన్ని పక్కకు వాల్చుకుంటున్నా. వాయించి చూపిస్తాను, వినండి.”

“వినడానికేం, బాగానే ఉంటుంది. చూసేవాళ్ల సంగతేంటి?”

ఆమె తలొంచుకుని బయటికొచ్చేసింది. తర్వాత ఆ ఒక్కసారి నోరు పెగలనందుకే ఎక్కువ బాధపడింది. నెల తిరగ్గానే ఒప్పందం ముగిసిందన్నారు. కాన్పయ్యాక పసిపిల్లను చంకనేసుకుని వెళ్లి అడిగితే, రెండో కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉన్నారు. “ఖాళీ వస్తే కబురు పెడతాం” అన్నారు. ఖాళీలు వస్తూనే ఉన్నాయి, కబురు మాత్రం రాలేదు.

ఇక వాళ్లు విరామమన్న కాలం సంగతి. మొదట ఆమె వాయించింది షికారు పడవ మీద. కింద భోజనాల బల్లలు, పైన నాట్యం చేసేవాళ్లు, ఓ మూల ఆమె, ఒక అకార్డియన్ వాడు, తాగి తాళం తప్పే డ్రమ్ములవాడు. పడవ ఒరిగినప్పుడల్లా సెల్లో మొన నున్నటి చెక్క మీద జారిపోయేది. కుర్చీకాలికి తాడు కట్టి, ఆ తాడుకు మొన తగిలించి వాయించింది. పిల్లను చూసేవాళ్లు దొరకనినాడు, సెల్లో పెట్టె మూత తీసి, లోపలి మెత్తటి మఖమలు మీద పడుకోబెట్టి, కాలితో పెట్టె ఊపుతూ చేత్తో కమాను లాగేది. “మా అమ్మాయికి చిన్నప్పుడే సెల్లో పట్టుబడింది, ఏకంగా దాని పక్కలోనే పడుకుంది” అని భర్త అందరికీ చెప్పి నవ్వించేవాడు.

తర్వాత సినిమా రికార్డింగులు. చీకటి గది, చెవులకు హెడ్‌ఫోన్లు, అద్దం అవతల రికార్డింగు చేసే ఆయన. “అమ్మా, ఇక్కడ తల్లి చచ్చిపోతుంది. కొంచెం ఏడుపు కావాలి” అనేవాడు. ఆమె ఏడ్చేది. అంటే సెల్లోతో. “కొంచెం తక్కువ. ఆవిడ మారుతల్లి” అనేవాడు. ఆ రోజుల్లో తెర మీద ఎవరు చచ్చినా ఏడ్చింది ఆమే. సినిమా చివర టీ అందించినవాళ్ల దాకా అందరి పేర్లూ పైకి పాకేవి. వాయించినవాళ్ల పేరు ఒక్కటీ ఉండేది కాదు. ఆమె హాల్లో దీపాలు వెలిగేదాకా కూర్చుని, అటుపక్కా ఇటుపక్కా ఉన్నవాళ్లతో, “ఆ ఏడుపు నాదే” అని చెప్పి మరీ బయటికొచ్చేది.

ఆ తర్వాత శ్మశానం. ఊరి చివర దహనశాల పక్కన ఒక హాలు కట్టారు. శవాన్ని లోపలికి తీసుకెళ్లే ముందు బంధువులు కాసేపు కూర్చునే చోటది. తెర వెనక కూర్చుని వాయించడానికి ఒక మనిషి కావాలన్నారు. ఆమె అక్క తల కొట్టుకుంది. “ఏమే, వాయించడానికి ఊళ్లో ఇంకో చోటే లేదా?” అంది. “ఇక్కడ నన్ను ఎవరూ చూడరక్కా, వింటారంతే” అంది పిడుగు. నిజానికి వినేవాళ్లూ తక్కువే. దుఃఖంలో ఉన్నవాళ్ల చెవికి ఏదీ సరిగా ఎక్కదు. వాళ్లను తొందరపెట్టకుండా, వాళ్ల మీద పడకుండా వాయించాలి. ఒక స్వరం మీద ఆగి, వాళ్ల ఊపిరి కుదురుకునేదాకా అక్కడే ఉండాలి. అలా ఆగడం ఆమె అక్కడే నేర్చుకుంది. ఏ కాలేజీలోనూ, ఏ గురువు దగ్గరా కాదు.

ఒకనాడు ఒక ముసలాయన చనిపోయిన భార్యను తీసుకొచ్చాడు. మర్నాడు మళ్లీ ఒక్కడే వచ్చి తెర పక్కన నిలబడ్డాడు.

“నిన్న వాయించింది మీరేనా?”

“నేనేనండీ. ఏమైనా తప్పు జరిగిందా?”

“లేదు. ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ నాకు కన్నీళ్లు రాలేదు. నిన్న మీరు వాయిస్తుంటే కూడా రాలేదు. మీరు ఆపారు చూడండి, అప్పుడొచ్చాయి. అలా ఎలా ఆపారు?”

ఆమె పక్కనున్న కుర్చీ చూపించి, “మీరు కూర్చోండి” అంది. ఆయన కూర్చున్నాడు. ఆ చలికాలమంతా వచ్చి కూర్చుంటూనే ఉన్నాడు. అప్పటికే దేశదేశాల్లో పేరున్న స్వరకర్త ఆయనని ఆమెకు చాలాకాలం తెలియదు. వసంతం వచ్చేసరికి సెల్లోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి ఒక రచన చేసి తెచ్చాడు. మొదటిసారి దీన్ని ఈవిడే వాయించాలి, లేకపోతే కాగితాలు చింపేస్తాను అని పట్టుబట్టాడు. ఆమె వాయించింది. రికార్డు వచ్చింది. పై ఊళ్లు పిలిచాయి, పై దేశాలు పిలిచాయి. నడి వయసులో ఆమె ఒక్కసారిగా పెద్ద కళాకారిణి అయిపోయింది. ఇప్పుడు సొంత ఊరి ఆర్కెస్ట్రా, ఒకప్పుడు గెంటేసిన ఆ ఆర్కెస్ట్రాయే, ఆమెకు అరవై నిండిన సందర్భంగా పిలిచి వాయించమన్నదీ ఆ రచననే. అది పుట్టిన తెర వెనకటి కాలానికే విరామం అని పేరు పెట్టింది!

పుస్తకం వచ్చిన మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్లింది. ఇప్పటి మేనేజరు కుర్రవాడు, నవ్వుమొహం. లేచి నిలబడి కుర్చీ వేశాడు.

“మేడమ్, విరామం అంటే హుందాగా ఉంటుందని రాశాం. శ్మశానంలో వాయించారని ఎలా రాయమంటారు?”

“వాయించాను కాబట్టి వాయించారని రాయండి. సినిమాల్లో వాయించారనీ, పడవ మీద వాయించారనీ కూడా రాయండి. ముందు తీసేశారని రాయండి.”

“ఎవరు తీసేశారండీ?”

“మీరే.”

“నేనప్పటికి పుట్టనైనా లేదు మేడమ్!”

“మీ కుర్చీ పుట్టింది.”

అతను పుస్తకం అచ్చయిపోయిందనీ, మళ్లీ వేసినప్పుడు తప్పకుండా మారుస్తామనీ చెప్పాడు. ఆమె చివాల్న లేచి రిహార్సలు గది వైపు నడిచింది.

అక్కడ నడవాలో ఒక అమ్మాయి గోడకు చేరబడి, సెల్లోను పెట్టెలో సర్దుతోంది. కడుపు బాగా తెలుస్తోంది. సెల్లోల్లో నాలుగో కుర్చీ ఆ పిల్లది. అంతకుముందు రోజు రిహార్సల్లో ఆ అమ్మాయి కమాను పట్టు చూసి పిడుగు ముచ్చటపడింది కూడా.

“ఎక్కడికే? ఇంకా మొదలే కాలేదు కదా.”

“ఈ కచేరీకి నన్ను విశ్రాంతి తీసుకోమన్నారు అక్కా.”

“నువ్వడిగావా?”

“లేదు. కెమెరాలు పెట్టి తీస్తున్నారట కదా…” అమ్మాయి పెట్టె క్లిప్పులు ఒక్కొక్కటే నొక్కుతోంది. “నెలాఖరుకు కాంట్రాక్టు కూడా అయిపోతుంది. తర్వాత చూద్దామన్నారు.”

పిడుగుకు ఒళ్లు మండిపోయింది. తనను తీసేసినప్పుడు ఇంకా పుట్టని కుర్రాడు అదే మాట, అంతే మెత్తగా అన్నాడు! “అయితే నేనూ వాయించను. వెళ్లి చెప్పొస్తానుండు!”

అమ్మాయి ఆమె చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. “మీకు దణ్ణం పెడతానక్కా, గొడవ చెయ్యకండి. మీరు గొడవ చేసి ఇంటికెళ్లిపోతారు. మళ్లీ రేపు వీళ్లను పని అడగాల్సింది నేను.”

“ఇంత పిరికిదానివేంటే!” అనేసి పిడుగు విసురుగా వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చేసరికి ఆ మాట తన చెవులకే వెగటుగా తోచింది. అన్నం సహించలేదు. జరిగిందంతా భర్తకు చెప్పింది.

“నువ్వు మానేస్తే వాళ్లింకెవరినో పిలుస్తారు. ఆ పిల్లకేం ఒరుగుతుంది?” అన్నాడాయన.

“మరేం చెయ్యమంటావు?”

“నన్నడిగితే ఏం చెప్పను? నాకు తెలిసిందొకటే. నువ్వు కింది తీగ మీద సాధన చేస్తుంటే ఈ ఇంట్లో నేను ఫోను మాట్లాడలేను. గిన్నెలు కూడా వణుకుతాయి. ఎన్నేళ్ల నుంచో చెబుదామనుకుంటున్నా.”

ఆయన అన్నది తన బాధే. కానీ ఆమె కంచం పక్కకు జరిపి నవ్వింది. పుస్తకం వచ్చినప్పటి నుంచి నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే సెల్లో తీసుకుని ముందు ఆ అమ్మాయి ఇంటికి వెళ్లింది. మేడ మీద ఒంటి గది. “నిన్న నోరు జారాను, మనసులో పెట్టుకోకు” అంది. “నాకేం కావాలో నాకు తెలుసు. నీకేం కావాలో అడగలేదు. ఇప్పుడు చెప్పు. వద్దంటే ఇటునుంచిటే వెళ్లిపోతా.”

అమ్మాయి మంచం మీద ఆరేసిన పసిపిల్లల బట్టలు ఊరికే మడతపెడుతూ కూర్చుంది. ఆ తర్వాత అంది. “కాన్పయ్యాక తిరిగొస్తే నా కుర్చీ నాకుండాలక్కా. ఇంకెవరినో కూర్చోబెట్టి, చూద్దాం అనకూడదు. ఈ కచేరీ కూడా… నాకు వాయించాలనే ఉంది. మీ పక్కన మళ్లీ ఎప్పుడు కూర్చుంటాను?”

పిడుగు అక్కణ్నుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్లింది. మేనేజరు గదిలో, అతని బల్లకు ఎదురుగా కుర్చీ వేసుకుని, సెల్లో బయటికి తీసి, ఆ అమ్మాయికి కావలసిన రెండు సంగతులూ చెప్పింది. “పరిశీలిస్తాం మేడమ్” అన్నాడతను.

“పరిశీలించండి. అందాకా సాధన చేసుకుంటాను” అని కింది తీగ మీద కమాను ఆనించి, నిదానంగా లాగింది.

ఆ స్వరం ముందు నేలలోకి పోయి, బల్ల కాళ్ల మీదుగా పైకి వచ్చింది. కప్పులో టీ వలయాలు వలయాలుగా కదిలింది. బీరువా తలుపు బుర్రుమంది. ఫోను మోగింది. అతను ఎత్తి, “హలో… ఏమీ లేదండీ, సెల్లో… సెల్లో అండీ, చెల్లెలు కాదు!” అని అరిచి పెట్టేశాడు.

“మేడమ్, సాధనకు వేరే గదులున్నాయి కదా.”

“అక్కడైతే నాకు కోపం రావడం లేదు బాబూ. ఇక్కడ బాగా వస్తోంది.”

అతను పక్క గదిలోకి మారాడు. గోడ పలుచన. అక్కడా వినిపించింది. మధ్యాహ్నానికి నడవాలో మిగతా వాద్యకారులు పోగయ్యారు. ఏం జరుగుతోందో ఎవరూ పైకి అడగలేదు, అందరికీ తెలిసిపోయింది. సెల్లో కన్నా పెద్దదైన డబుల్ బేసు వాయించే భారీ మనిషి, పుట్టి బుద్ధెరిగి ఎవరినీ ఒక్క మాట ఎదురు అననివాడు, తన వాయిద్యాన్ని దొర్లించుకుంటూ తెచ్చి గుమ్మంలో ఆగాడు. “అక్కా, ఇక్కడ సాధన చేసుకోవచ్చటగా?” అన్నాడు వినయంగా.

“రా తమ్ముడూ, జాగా ఉంది.”

ఆ రెండూ కలిసేసరికి కిటికీ అద్దాలు మాట్లాడాయి. గుమాస్తాలు చెవుల్లో వేళ్లు పెట్టుకుని నవ్వారు. మేనేజరు చెమట తుడుచుకుంటూ ఆర్కెస్ట్రా అధ్యక్షుడి గదికి పరుగెత్తాడు. పొద్దువాలే వేళకు సంతకంతో ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఆమె కమాను ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు తగిలించుకుని చదివింది.

“ఇక్కడ ‘ప్రత్యేక సందర్భంగా పరిగణించి, ఈ ఒక్కరికి’ అని రాశారు. అది కొట్టెయ్యండి.”

“అది ప్రత్యేకమే కదండీ?”

“ఏది? కడుపు రావడమా? మిమ్మల్ని మీ అమ్మగారు మొయ్యలేదూ? ఎవరికైనా సరే అని రాయండి.”

అతను మళ్లీ లోపలికి వెళ్లాడు. ఆమె మళ్లీ కమాను ఎత్తింది. ఈసారి అతను చాలా త్వరగా తిరిగొచ్చాడు.

కచేరీ రోజు హాలు కిటకిటలాడింది. నాలుగో కుర్చీలో ఆ అమ్మాయి కూర్చుంది. మొన పొడుగు లాగి, సెల్లోను కాస్త పక్కకు వాల్చుకుని, ఎవరివైపూ చూడకుండా ఎదుటి కాగితం మీదే చూపు నిలిపింది. పిడుగు వేదిక మీదికి వచ్చి వంగి నమస్కరించినప్పుడు, ముందు వరసల్లో ప్రతి ఒళ్లోనూ ఆ నున్నటి పుస్తకం కనబడింది. మళ్లీ మండింది. మాట్లాడదామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ ముసలాయన రాసిన స్వరాల ముందు తన కోపం గురించి ఉపన్యాసం ఎందుకని, కూర్చుని కమాను అందుకుంది.

ఆ రచనలో చివర్లో సెల్లో ఒక్కటే మిగిలే చోటొకటుంది. మెల్లమెల్లగా ఒక్కొక్క వాయిద్యమూ తప్పుకుంటుంది. ఆమె చివరి స్వరాన్ని సన్నగా, దారంలా లాగి ఆపింది. అంతమంది ఉన్న హాల్లో ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. రెండో వరసలో కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త మాత్రం కళ్లు తుడుచుకోవడానికి జేబురుమాలు వెతికి, దొరక్క, ఆ పుస్తకంతోనే తుడుచుకున్నాడు.

అంతా అయ్యాక మేనేజరు పూలగుత్తితో లోపలికి వచ్చాడు. “ఇప్పుడు సంతోషమేనా మేడమ్?”

“కాదు” అంది పిడుగు. “బాగా వాయించాను. అది వేరు.”

ఆ అమ్మాయికి మగపిల్లవాడు పుట్టాడు. కొన్ని నెలలకు తిరిగి వెళితే, కుర్చీ ఉంది. అయితే ఆరో కుర్చీ. నాలుగోది ఇంకొకరికి ఇచ్చారట, ‘కుర్చీ’ అన్నారు గానీ ఏ కుర్చీయో కాగితంలో రాయలేదట. ఆ సంగతి పిడుగు ఫోనులో విని ఎగిరిపడింది. తనే చదివి, తనే సరేనన్న కాగితం కదా అని తననూ తిట్టుకుంది. ఆ పుస్తకం మళ్లీ అచ్చయింది. అందులో విరామం విరామంగానే ఉంది. పత్రికలవాళ్లు, రేడియోవాళ్లు అందులోంచే ఎత్తి రాస్తున్నారు, చెబుతున్నారు.

ఫోను పెట్టేశాక ఆమె సెల్లో పెట్టె గుమ్మం దగ్గరకు జరిపి, డబుల్ బేసు తమ్ముడికి ఫోను చేసింది. “సోమవారం నీకేమైనా పనుందా?” అని అడిగింది.